హ్యాంగరుకా, మడతకా?

ముందు ఒక మాట చెప్పి కథలోకి వెళ్తాను. నలభై ఏళ్ళుగా పేకబల్ల దగ్గర కూర్చుంటున్న మనిషిని నేను. ఈ నలభై ఏళ్ళలో ఒక్క ఆట ఓడిపోలేదు, ఆ బల్ల దగ్గర ఒక్క అబద్ధం ఆడలేదు. ఈ రెండూ ఉన్న మనిషిని ఇంకొకణ్ణి చూపించండి, మీసం ఒకవైపు గొరిగించుకుని మీ వీధిలో తిరుగుతాను.

పోయినవారం ఎక్కడ ఆపానో మరిచిపోయినవాళ్ళకి, అసలు చదవనివాళ్ళకి, చదివి కూడా చదవలేదని బుకాయించేవాళ్ళకి కలిపి ఒకేసారి చెబుతున్నాను. మాది లాండ్రీ. ముందు ఒక గది, వెనక ఒక గది. ముందుగదికి వీధివైపు కిటికీ, కిటికీ కింద పెద్ద ఇస్త్రీబల్ల. వెనకగదికి కిటికీ లేదు, బాయిలరుంది. ఆ బాయిలరు చూసుకునేది నేనే. లాండ్రీ పెట్టిన పెద్దాయన పోతూపోతూ దాన్ని పెద్దకొడుక్కీ చిన్నకోడలికీ కలిపి వదిలేశాడు. చిన్నకొడుకు అప్పటికే లేడు.

పెద్దకొడుకుని మేం వెనకాల గంజిబాబు అంటాం. ఆయన చొక్కాకి పట్టినంత గంజి గోడమీద పోస్టరుకి కూడా పట్టదు. ఒకరోజు కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు కదా అని వంగి నమస్కారం పెట్టాను. పలకలేదు. తీరా చూస్తే లోపల మనిషి లేడు, చొక్కా ఒక్కటే నిలబడి ఉంది.

ఈ గంజిబాబుకి ముందుగది కావాలి. అద్దాల కౌంటరు పెట్టి, తిరిగే కుర్చీలో కూర్చుని రసీదులు రాస్తాడట. మరదలి బల్ల వెనక్కి, బాయిలరు పక్కకి పోవాలి. మండువేసవిలో ఆ గదిలో రెండు గంటలు నిలబడితే మనిషి ఆవిరైపోయి చొక్కా మిగులుతుంది. ఆమె పోనంది. ఆ కిటికీ వెలుతురులోనే భార్యాభర్తలిద్దరూ చెరోవైపు నిలబడి దుప్పట్లు మడిచేవాళ్ళు. ఇప్పుడు ఒక కొస బల్లకి క్లిప్పు పెట్టి, రెండో కొస తను పట్టుకుని ఒక్కతే మడుస్తుంది.

తగువొస్తే కోర్టు మెట్లెక్కొద్దు, బల్ల దగ్గర తేల్చుకోండి అని పెద్దాయన రాసిపెట్టి పోయాడు. బల్ల అంటే ఇస్త్రీబల్లే, తేల్చుకోవడమంటే పేకే. ఎవరి గుండీలు అయిపోతే వాళ్ళు వెనక్కి.

ఆ పేక పేరు లిమిట్ హోల్డెమ్. పెద్దాయన కుర్రతనంలో ఓడలో పనిచేసినప్పుడు నేర్చుకొచ్చాడు. ఓడలో వంటవాడి దగ్గర నేర్చుకున్నానని మాకు చెప్పేవాడు, కెప్టెన్ దగ్గర అని భార్యకి చెప్పేవాడు. మేం దాన్ని హద్దాట అంటాం. ఎందుకంటే ఇందులో ఎంత పడితే అంత కట్టి ఎదుటివాణ్ణి బెదరగొట్టడానికి వీల్లేదు. మనిషికి రెండేసి ముక్కలు బోర్లించి ఇస్తాం. నడిమధ్య అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడి: మొదట మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత చివరిది. చేతిముక్కలు పంచగానే ఒక విడత, మధ్యలో తిప్పినప్పుడల్లా ఒక విడత గుండీలు కట్టాలి; మొత్తం ఏడింటిలో మంచి అయిదు కుదిరినవాడిది కుప్ప. మొదటి రెండు విడతల్లో కట్టేది ఒక్కో తెల్లగుండీ. తర్వాతి రెండు విడతల్లో నల్లగుండీ, అంటే కోటుగుండీ, రెండు తెల్లవాటితో సమానం. పెంచినా ఒకేసారి ఒక్క గుండీయే పెంచాలి. గుండీలంటారా, లాండ్రీలో ఊడినవి నలభై ఏళ్ళవి డబ్బాలో ఉన్నాయి.

పలకాల్సిన మాటలు మూడే. ఎదుటివాడు కట్టినంత కడితే ‘సరి’. ఇంకొకటి ఎక్కువ పెడితే ‘పెంపు’. ముక్కలు పారేసి తప్పుకుంటే ‘మడత’. ఈ మాటల గురించి పెద్దాయన నియమం కిటికీ పక్కన గోడమీద సున్నంలో గీసి ఉంది: వంతులో పలికిన మాట పలికినట్టే. ఒకటి పలికి ఇంకొకటి చేసినవాడి ముక్కలు చచ్చినట్టే.

గంజిబాబు ప్రతిదానికీ పెంచుతాడు. మరదలు పాపం ప్రతిదానికీ మడత అనేది. అందుకే ఆమెకి మడతమ్మ అని పేరు పెట్టాడు. చేసే పనికీ సరిపోయింది, ఆడే ఆటకీ సరిపోయింది అని తనే నవ్వేవాడు. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఆ బల్ల దగ్గర మడత అన్న మాట పలకలేదు. అది చెప్పుకోవడం ఆయనకి గొప్ప.

పోయినవారం నేను ఆపేసరికి మడతమ్మ గుండీలు సగానికి సగం పోయి, ఉన్నవాటిలోనూ సగం పోయి, ఆఖరుసారి తాడో పేడో అన్నట్టు ముక్కలు పట్టుకుని కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం. షాపు మూసి ఉంది కానీ ఒక రెక్క తెరిచే ఉంది. ఎండ కిటికీలోంచి వచ్చి గుండీలమీద పడుతోంది. కౌంటరు దగ్గర పక్కషాపు టైలరమ్మ కూర్చుని ఎవరిదో పంట్లాం అంచు కుడుతోంది. ముక్కలు పంచేది నేను.

ఇక్కడ ఒక చిన్న సవరణ. నేను ఒక్క ఆట ఓడిపోలేదన్నాను కదా. ఆడితే కదా ఓడేది. మొట్టమొదటిసారి పెద్దాయనతో ఆడి గొడుగు పోగొట్టుకున్నాను. ఆరోజే జడివాన. ఇంటికెళ్ళేసరికి నా చెప్పుల్లో చేపలు తిరుగుతున్నాయి. అప్పట్నుంచీ పంచడమే గాని ఆడటం లేదు. కాబట్టి మొదటి గొప్ప కొట్టేయండి. రెండోది ఉంచండి.

సరే, ఆట. చేతిముక్కలు పంచగానే చెరి రెండు తెల్లగుండీలు కుప్పలో పడ్డాయి. మడతమ్మ చేతిలో కళావరు రాణి, ఆఠీను పది. అది నాకు తర్వాత తెలిసింది, మీకు ముందే చెబుతున్నాను. మధ్యలో మూడు ముక్కలు తిప్పాను: డైమాను రాణి, ఇస్పేటు ఏడు, ఇస్పేటు నాలుగు. ఆమెకి రాణుల జత పడింది. తెల్లగుండీ పెట్టింది. గంజిబాబు పెంచాడు. ‘సరి’ అంది.

“ఏంటి ఇవాళ, మడతమ్మకి జ్వరమా?” అన్నాడాయన.

“జ్వరం కాదు బావగారూ, ఎండ. కిటికీ పక్కన కూర్చున్నాను కదా.”

నాలుగో ముక్క ఆఠీను రెండు. పనికిమాలిన ముక్క. ఆమె నల్లగుండీ పెట్టింది. వంతు గంజిబాబుది. అప్పుడే టైలరమ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, “పంచదార సరిపోయిందా బాబూ?” అంది. ఆయన ఒక గుక్క తాగి “సరి” అని, గ్లాసు దించి “పెంపు” అని ఇంకో నల్లగుండీ నెట్టాడు. ఆమె మళ్ళీ ‘సరి’.

చివరి ముక్క తిప్పాను. ఇస్పేటు తొమ్మిది.

ఆ ముక్క బల్లమీద పడగానే గది రంగు మారిపోయింది. బల్లమీద మూడు ఇస్పేట్లు. చేతిలో రెండు ఇస్పేట్లున్నవాడికి అయిదూ ఒకే రంగు. రాణుల జత దాని ముందు రంగు వెలిసిన చొక్కా. ఆమె ఏమీ పెట్టకుండా ఊరుకుంది. గంజిబాబు ఆలోచించను కూడా లేదు. నల్లగుండీ టక్కున పెట్టాడు.

కుప్పలో తెల్లవి ఎనిమిది, నల్లవి అయిదు. అంటే తొమ్మిది నల్లగుండీల సరుకు. మడతమ్మ దగ్గర మిగిలినవి రెండంటే రెండు నల్లగుండీలు.

మా ఊరిబడి పశువులపాకకి ఆనుకుని ఉండేది. పంతులుగారు ఎక్కాలు చెబుతుంటే గేదె కూడా వినేది. తొమ్మిదో ఎక్కం నాకంటే దానికే బాగా వచ్చేది. ఆ గేదెని తెచ్చి ఆ రోజు ఆ బల్ల దగ్గర నిలబెట్టినా లెక్క చెప్పేసేది: ఒక గుండీ కడితే తొమ్మిది వచ్చే చోట పదిసార్లకి ఒక్కసారి నెగ్గినా నష్టం లేదు. హద్దాట గొప్పతనమే అది. ఎదుటివాడు ఎంత ఛాతీ విరిచినా చూడ్డానికయ్యే ఖర్చు ఒక్క గుండీయే. కాబట్టి ‘సరి’ అనాలి. అది న్యాయం. ‘పెంపు’ అనకూడదు, ఎందుకంటే ఒంటి జతతో పెంచితే అంతకంటే మంచి ముక్కలున్నవాడే కడతాడు, లేనివాడు పారిపోతాడు. ‘మడత’ అంటే రెండు గుండీలు మిగులుతాయి, ఆ రెండింటితో తర్వాతి ఆట సగం దాకా కూడా వెళ్ళలేదు.

గంజిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. చొక్కా కిర్రుమంది.

“చూడమ్మాయ్, నేనేం కసాయివాణ్ణి కాదు. ఇప్పుడు తప్పుకో. వారానికి రెండు రోజులు ఈ కిటికీ నీకిస్తాను. మంగళవారం, శుక్రవారం. మిగతా రోజులు వెనక. గౌరవంగా ఉంటుంది.”

“కిటికీ ఇస్తారా?” అంది ఆమె, ముక్కలమీంచి కళ్ళెత్తకుండా. “ఎక్కడుంది బావగారూ మీ దగ్గర? పొద్దున్నుంచీ నా వీపుకి ఆనుకునే ఉందే!”

“నోరు బాగానే ఉంది. ముక్కలే లేవు.”

“ముక్కలున్నవాళ్ళు కిటికీలు పంచిపెట్టరు.”

ఆ మాటకి నాకు ఈల వేద్దామనిపించింది. పళ్ళు లేవు గనక ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే బస్సు డ్రైవరొకాయన తలుపు సందులోంచి తల పెట్టి, డ్యూటీకి టైమైపోతోంది, యూనిఫాం చొక్కా కావాలన్నాడు. టైలరమ్మ అరలోంచి ఖాకీ చొక్కా తీసింది. ఇక్కడ మా షాపు అలవాటు ఒకటి చెప్పాలి. చొక్కా ఇచ్చేముందు ఇస్త్రీ చేసినవాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాం. రోజుకి వందసార్లు అడుగుతాం, వందసార్లు జవాబొస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

“ఏమే, డ్రైవరుగారి చొక్కా హ్యాంగరుకా, మడతకా?” అని కేకేసింది టైలరమ్మ.

“మడత” అంది మడతమ్మ.

గంజిబాబు రెండు చేతులూ చాచి కుప్పమీద పడ్డాడు.

“అంది! అంది! మడత అంది!”

“బావగారూ, నేనన్నది చొక్కాని!”

“వంతు నీది. మాట నీది. గోడమీద రాసింది మా నాన్న. చదువుకో.”

డ్రైవరు కంగారుపడిపోయాడు. “అయ్యో, నాకు హ్యాంగరైనా ఫరవాలేదండీ” అన్నాడు పాపం. టైలరమ్మ గబగబా నాలుగు గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకుంది. మాట్లాడే అవసరం రాకూడదనుకున్నప్పుడల్లా ఆవిడ చేసే పని అదే.

మడతమ్మ లేచి నిలబడింది. రెండు ముక్కలమీదా అరచెయ్యి ఉంది. రోజూ ఇస్త్రీపెట్టె పట్టుకునే చెయ్యి అది, దాని కింది నుంచి ముక్క లాగాలంటే బల్ల విరగాలి.

“పొద్దున లేచింది మొదలు మడతలే పెడుతున్నాను. మీ చొక్కాలు, మీ పంట్లాలు, మీ రుమాళ్ళతో సహా. మూడు ఆదివారాలు ఇక్కడ కూడా మడతలే పెట్టాను. ఈ ఒక్కటీ పెట్టలేదు. పెట్టను. తాతా, నువ్వు చెప్పు.”

అందరూ నావైపు తిరిగారు. పంచేవాడిదే తీర్పు. నేను కళ్ళజోడు తీసి తుడిచాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడిచాను.

“నియమం నియమమే” అన్నాను.

గంజిబాబు మొహం ఇస్త్రీ చేసినట్టయింది.

“వంతులో పలికిన మాట పలికినట్టే. చొక్కాకన్నా, టీకన్నా, గోడమీద ఆ తేడా రాయలేదు. ఇందాక నాలుగో ముక్క దగ్గర వంతు మీదే కదా బాబూ. టైలరమ్మ పంచదార సరిపోయిందా అంటే మీరు ‘సరి’ అన్నారు. అని, వెంటనే పెంచారు. ఒకటి పలికి ఇంకొకటి చేసినవాడి ముక్కలు చచ్చినట్టే. అంటే అప్పట్నుంచీ మీ చేతిలో ఉన్నవి శవాలు. ఈ అమ్మాయి మడత అనేసరికి బల్లమీద బతికి ఉన్నది ఈమె ఒక్కతే.”

“నేను ‘సరి’ అన్నానా?”

“అన్నారు.”

“ఎప్పుడన్నాను?”

“గుక్కకీ గ్లాసుకీ మధ్య. ఏం టైలరమ్మా?”

టైలరమ్మ నోటినిండా సూదులతో తలని ఒకలా ఊపింది. అవునంటే అవును, కాదంటే మెడనొప్పి.

గంజిబాబు టీ గ్లాసు వంక చూశాడు, అదేదో సాక్ష్యం చెబుతుందన్నట్టు. తరవాత గోడ వంక చూశాడు. చివరికి, “సరే, ఆ చొక్కా మాట వద్దు, ఈ టీ మాటా వద్దు. ఆట ఎక్కడుందో అక్కడే” అన్నాడు.

“అలాగే” అన్నాను. “అమ్మాయ్, వంతు నీది.”

ఆమె కూర్చోలేదు. నిలబడే ఆయన్ని చూసింది. మొహాన్ని కాదు, ఎడమచేతిని. ఆ చెయ్యి బల్లకింద ఉంది, మోచెయ్యి మాత్రమే పైకి కనిపిస్తోంది. తొమ్మిదేళ్ళుగా ఆయన చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆమే. ఆదివారం పేకాడిన చొక్కా సోమవారం ఆమె బల్లమీదికి వస్తుంది. పేకలో ఉత్తుత్తి బెదిరింపులతో ఆయన నెగ్గి, ఆ సంగతి తనే గొప్పగా చెప్పుకున్న ఆదివారాల చొక్కాకి ఎడమ మోచేతి మడత దగ్గర గంజి విరిగి, పిండి రాలి, పిడికిట్లో పెట్టి నలిపినట్టుంటుంది. నిజంగా మంచి ముక్కలతో నెగ్గిన ఆదివారం చొక్కా చెక్కుచెదరదు. ఈ సంగతి ఆమె నాకు తర్వాత చెప్పింది. ఆ రోజు నాకు కనిపించిందల్లా బల్ల అంచున, పేకకని పరిచిన నల్లగుడ్డమీద, ఆవగింజంత తెల్లటి గంజిపొడి.

‘సరి’ అంటే చాలు. ఒక గుండీ కడితే ఆయన ముక్కలు బయటపడతాయి, కుప్ప ఈమెదవుతుంది. కళ్ళతో చెప్పాను కూడా: సరి అనవే తల్లీ, సరి అను.

ఆమె ఉన్న రెండు గుండీలూ కుప్పలోకి నెట్టింది.

“పెంపు.”

గంజిబాబుకి అర్థం కాలేదు. ఆ గొంతులోంచి ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. వినని మాటకి ఏం జవాబు చెప్పాలో చొక్కాకీ తెలియలేదు, లోపలున్న మనిషికీ తెలియలేదు. బల్లమీద మూడు ఇస్పేట్లు. ఎదురుగా ఎన్నడూ పెంచని మనిషి ఉన్నదంతా పెట్టి పెంచింది. రంగు పడకపోతే ఎందుకు పెంచుతుంది?

“ఏమున్నాయి నీ దగ్గర?”

“ఒక్క గుండీ కట్టండి బావగారూ, చూపిస్తాను. హద్దాట కదా. ఒక్కటే.”

ఎండ ఒక గుండీమీంచి ఇంకో గుండీమీదికి జరిగింది. డ్రైవరు చొక్కా చంకలో పెట్టుకుని, పోవాల్సిన బస్సు సంగతి మరిచిపోయి నిలబడ్డాడు. గంజిబాబు చెయ్యి నల్లగుండీలమీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత, పళ్ళు పీకించుకునేవాడు నోరు తెరిచినట్టు తెరిచి,

“మడత” అన్నాడు.

టైలరమ్మ నోట్లో సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మి, ఎంతో వినయంగా అడిగింది.

“ఏ చొక్కా బాబూ?”

డ్రైవరు నవ్వు ఆపుకోలేక వీధిలోకి పరిగెత్తాడు. బస్సు ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలిందని తర్వాత తెలిసింది.

ఆయన పారేసిన ముక్కలు పోగుచేసేవాణ్ణి నేనే కదా, ఒక కన్ను వేశాను. ఇస్పేటు ఆసు, డైమాను రాజు. జత లేదు, రంగు లేదు. లెక్కకి చూస్తే ఆయన మడత పెట్టడమే సరైంది. రాణుల జత ముందు ఓడిపోయే ముక్కలే. లెక్కకి ఆమె పెంచడమే తప్పు. కానీ ఆ సరైన పని చేసినందుకు ఆయన కూలిపోయాడు, ఆ తప్పు చేసినందుకు ఈమె నిలబడింది.

ఆ మాట ఒకసారి నోట్లోంచి ఊడిపడ్డాక దాన్ని కడిగేసుకోవాలని ఆయన ప్రతి ఆటకీ పెంచాడు, పెంచినదాన్ని మళ్ళీ పెంచాడు. ఆమె మంచి ముక్కలొచ్చినప్పుడు ‘సరి’ అంది, లేనప్పుడు నవ్వుతూ ‘మడత’ అంది. ఎండ బల్ల దిగి గోడెక్కేలోపల ఆయన ముందు ఒక్క గుండీ లేదు. ముందుగది తాళంచెవి బల్లమీద పడేసి, లేచి వెళ్ళిపోయాడు. ఎడమ మోచేతి దగ్గర చొక్కా నలిగి ముద్దయింది.

టైలరమ్మ కూడా వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం. ఆమె గుండీలు డబ్బాలో పోస్తోంది.

“సరి అంటే సరిపోయేది కదే. ఉన్న రెండూ ఎందుకు పెట్టావు?” అన్నాను.

“సరి అంటే గుండీలొచ్చేవి తాతా. పెంచితేనే ఆయన నోట ఆ మాటొస్తుంది.”

డబ్బా మూత పెట్టింది. తాళంచెవి చేతిలోకి తీసుకుంది. కొంగున కట్టుకుంటుందేమో అనుకున్నాను. కట్టుకోలేదు. అరచేతిలో పెట్టుకుని నావైపు తిరిగింది.

“తాతా, టీ దగ్గర బావగారు నిజంగా ‘సరి’ అన్నారా? నేను ముక్కలు చూసుకుంటున్నాను, వినలేదు. అనలేదంటే చెప్పు. నేను ‘మడత’ అన్న మాట మాత్రం నిజం. ఇప్పుడే వెళ్ళి ఈ తాళం ఆయన చేతిలో పెట్టేస్తాను. దొంగ కిటికీ నాకొద్దు.”

ఇంత చెప్పాను కనక ఇంకొకటి మీతో దాచను. ఓడిపోలేదన్న గొప్ప ఇందాకే కొట్టేశారు, ఇప్పుడు రెండోదీ కొట్టేయండి. గేదె నిజం. చెప్పుల్లో చేపలు నిజం. ఒంటరిగా నిలబడ్డ చొక్కా ముమ్మాటికీ నిజం. టైలరమ్మ పంచదార సంగతి అడిగిన మాటా నిజమే. గంజిబాబు ‘సరి’ అన్నది మాత్రం నేను కల్పించింది. ఆయన అన్నది ‘ఊఁ’.

ఆ సంగతి ఇప్పుడు మీకు తెలుసు, నాకు తెలుసు, సూదులు నమిలిన టైలరమ్మకి తెలుసు. మడతమ్మ తాళంచెవి అరచేతిలో పట్టుకుని, కిటికీకి వీపు పెట్టి, నా నోటివంకే చూస్తోంది. వంతు నాది.